జక్కయ్య కళాయి వేసిన ఉగ్గుగిన్నెలు

పామర్రులో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లలో చివరికి మిగిలింది జక్కయ్య ఒక్కడే. స్టీలు సామాను వచ్చి ఆ పనిని మూలకు నెట్టేసినా, నలభై ఏళ్లుగా కొలిమిని వదలని మొండిమనిషి.

రెండేళ్ల కిందట ఉన్నట్టుండి అతనికి మళ్లీ మంచిరోజులొచ్చాయి. ప్లాస్టిక్ కప్పుల్లో తాగితే పిల్లల ఒంట్లోకి విషం దిగుతుందని ఫోన్లలో వీడియోలు చూసిన తల్లులు, అటకల మీది ఇత్తడి ఉగ్గుగిన్నెలు దించి పట్టుకొచ్చారు. ముక్కున్న చిన్న గిన్నె, పసివాళ్లు తాగడానికి అనువుగా ఉంటుంది. జక్కయ్య సంబరానికి పట్టపగ్గాల్లేవు. తనతోనే ఉంటున్న కూతురు శ్రీదుర్గ తన ఏడాదిన్నర పాప చిన్నికోసం కొన్న బొమ్మల సిప్పర్‌ను తీసుకెళ్లి చెత్తబండిలో పడేశాడు.

"నా మనవరాలు ప్లాస్టిక్‌లో తాగితే నలుగురూ నవ్వరంటమ్మా?" అన్నాడు.

తన చేత్తోనే ఉగ్గుగిన్నెకు కళాయి వేసి ఇచ్చాడు. పాలు, మజ్జిగ, బత్తాయి రసం, అన్నీ చిన్నికి అందులోనే.

కళాయికి వాడేది తగరం. విజయవాడ వన్ టౌన్‌లో కొంటాడు. మంచి తగరం కడ్డీని చెవి దగ్గర వంచితే సన్నగా కిర్రుమంటుంది. సీసం ఎక్కువ కలిసిందైతే చప్పుడు లేకుండా వంగుతుంది. తండ్రి నేర్పిన పరీక్ష అది. దుకాణదారు ప్రమాణం చేసినా జక్కయ్యకు ఆ చప్పుడు మీదే గురి. ఈ ఉగ్గుగిన్నెల కోసం కొన్నప్పుడు మాత్రం కడ్డీ వంచితే ఏమీ వినపడలేదు. అప్పటికే అతనికి చెముడొచ్చింది, కూతురి మాటలే సగం అందేవి కావు. తప్పు కడ్డీది కాదు, తన చెవిదే అనుకున్నాడు. పక్కవాడి చెవి దగ్గర వంచి అడిగితే సరిపోయేది. నలభై ఏళ్ల పనివాడు నాకు వినపడటం లేదని బజార్లో చెప్పుకోవడమా? ఆ పాడు సిగ్గు నోరు మూయించింది. కొనేశాడు.

ఆ కళాయి ఎంత సులువుగా పరుచుకుందో! గిన్నెలు అద్దాల్లా మెరిశాయి. జనం మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నాడు.

చిన్నికి మూడో ఏడు వచ్చేసరికి కడుపునొప్పి పట్టుకుంది. మొహం పాలిపోయింది. "తాతా, పాలు" అనే పిల్ల ఒక్కో మాటా మానేసింది. దిష్టన్నారు, నులిపురుగులన్నారు. చివరికి విజయవాడలో ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది.

"ఒంట్లో సీసం చేరిందండీ. పాప దేంట్లో తాగుతుంది?"

శ్రీదుర్గ సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసి బల్లమీద పెట్టింది.

"ఇంక దీంట్లో ఇవ్వకండి, స్టీలు గ్లాసు వాడండి. మందులిస్తాను. పోయిన మాటలు ఎంతవరకు వస్తాయో మాత్రం చెప్పలేనండీ."

ఇంటికొచ్చి జక్కయ్య మిగిలిన కడ్డీముక్కను కూతురి చెవి దగ్గర వంచాడు.

"ఏమన్నా వినపడిందామ్మా?"

శ్రీదుర్గ లేదన్నట్టు తల ఊపింది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడటం లేదు.

ఊళ్లో గడపగడపకూ వెళ్లి గిన్నెలు వెనక్కి అడిగాడు.

"మా సాత్విక్ బానే ఉన్నాడు జక్కయ్యా. నీ కళాయి చూడు, ఇంకా ఎట్లా మెరుస్తుందో" అని మురిపెంగా చూపించింది రావమ్మ.

"అది నాకిచ్చేయండమ్మగారూ. ముందు బాబుకి రక్తపరీక్ష చేయించండి" అంటూ లాక్కున్నంత పని చేశాడు.

పదకొండు దొరికాయి. కానీ అదే తగరంతో హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన కొలిమి పెట్టిన పదిరోజుల్లో ఎందరికి వేసిచ్చాడో, వాళ్లెవరో, ఏ వీధివాళ్లో అతనికేం తెలుసు?

అందుకే ఇప్పుడు రోజూ బస్సెక్కి అక్కడికి వెళ్లి "కళాయి వేస్తాం, కళాయి" అని కేకేస్తూ తిరుగుతున్నాడు. వెంట కొలిమి లేదు, తగరం లేదు. ఆ కేక వింటేనే జనం ఇత్తడి సామాను పట్టుకుని బయటికొస్తారని అతని ఆశ. గిన్నె తెచ్చినవాళ్లకు దణ్ణంపెట్టి సంగతి చెబుతాడు. కొందరు నమ్ముతారు, కొందరు పిచ్చోడని తలుపేసుకుంటారు.

ఏ గుమ్మంలోంచి ఎవరు పిలిచినా అతనికి వినపడదు. అందుకని శ్రీదుర్గ పలుకులేని చిన్నిని చంకనేసుకుని వెనకాలే నడుస్తుంది. పిలుపు వినపడగానే తండ్రి భుజం తట్టి, నోరు విప్పకుండా ఆ ఇంటివైపు చెయ్యి చూపిస్తుంది.