లైపోసక్షన్‌కి బాలింత పథ్యం

2023 ఏప్రిల్ నెల. విశాఖపట్నం బీచ్ రోడ్డుకి కాస్త ఎగువన ఉన్న ఒక కాస్మెటిక్ సర్జరీ క్లినిక్‌లో నేను నర్సింగ్ ఇన్‌ఛార్జిని. అంతకుముందు పదహారేళ్ళు రకరకాల ఆసుపత్రుల్లో సర్జికల్ వార్డుల్లో చేశాను. పగిలిన పేగులు, విరిగిన కాళ్ళు చూసి వచ్చినదాన్ని కావడంతో, ఇక్కడ చేరిన కొత్తలో "పొట్ట తగ్గించుకోవడానికి కూడా ఆపరేషనేనా?" అని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. గౌరి కేసు తర్వాత ఆ నవ్వు పోయింది.

గౌరికి ముప్పయ్యారేళ్ళు. గాజువాకలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతోంది. భర్త అప్పలరాజు పోర్టులో క్రేన్ ఆపరేటర్. గౌరి మాటకారి, చేతిలో పని ఉన్న ఆత్మవిశ్వాసం ముఖంలో కనిపిస్తుంది. కానీ ఆ రోజు డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు పైట పొట్ట మీదికి లాక్కుంటూనే ఉంది.

"రెండుసార్లు తగ్గేనండి. ఒకపాలి అన్నం మానేసి రొట్టెలు తిన్నాను. ఇంకోపాలి తెల్లారగట్ల లెగిసి నడిసేను. రెండుపాల్లూ ఎలగ పోయిందో అలగే వచ్చీసింది. మిషను ముందు కూకుంటే నా పొట్టే నాకు అడ్డం. ఇది తీసీసేక మళ్ళీ రాదు కదండీ?"

డాక్టరు గారు పించ్ టెస్ట్ చేశారు. అంటే పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి చూడటం. వేళ్ళకి దొరికేది చర్మం కింది కొవ్వు. దొరక్కుండా లోపల పేగుల చుట్టూ పేరుకునేది వేరే కొవ్వు. లైపోసక్షన్‌లో సన్నటి గొట్టంతో లాగేది మొదటి రకాన్నే.

"తీసేసిన కొవ్వు కణాలు మళ్ళీ పుట్టవమ్మా," అన్నారాయన. "కానీ మిగిలినవి ఒంట్లోనే ఉంటాయి కదా. తిండి ఎక్కువై నడక తక్కువైతే అవే ఉబ్బుతాయి. పొట్ట దగ్గర చోటు తగ్గితే వీపునో, చేతులనో పట్టుకుంటాయి. ఇది ఆకారం సరిచేసే పని, బరువు తగ్గించే పని కాదు. బీపీ, షుగర్ లాంటివాటికి నడకా, తిండీనే మందు."

ఇందులో గౌరి విన్నది మొదటి ముక్క ఒక్కటే. ఆమె కళ్ళు వెలగడంలోనే నాకది తెలిసిపోయింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అంతే. తమకు కావలసిన వాక్యం దగ్గర చెవులు మూసేసుకుంటారు.

బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "సిస్టర్, మా ఆయనకి తెలుసు. మా అత్తకి మాత్రం తెలీకూడదు. కడుపులో గడ్డ తీత్తన్నారని సెప్పేను. మీరు కూడా అలగే..."

"అబద్ధం నేను చెప్పను గౌరీ. అలాగని నీ సంగతి బయటపెట్టనూ పెట్టను," అన్నాను. రోగి రహస్యం కాపాడటం మా వృత్తి ధర్మం. ఆ మాట అనుకుని చాలా గొప్పగా నడుచుకున్నాననుకున్నాను.

మంగళవారం ఆపరేషన్ చక్కగా జరిగింది. పొట్టకీ నడుముకీ కంప్రెషన్ గార్మెంట్ తొడిగాం. వాపు తగ్గడానికీ, చర్మం లోపలికి అతుక్కోవడానికీ వేసే బిగుతైన తొడుగు అది. బుధవారం డిశ్చార్జ్. జాగ్రత్తలన్నీ తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటి ఇస్తాం. రోజుకి నాలుగైదు సార్లు ఇంట్లోనే నడవాలి, నీళ్ళు బాగా తాగాలి, పిక్క నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే వెంటనే ఫోన్ చెయ్యాలి అని అందులో ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో "లైపోసక్షన్ తర్వాత" అని ఉంటుంది. గౌరి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సు అడుగున తోసేసింది.

అప్పుడే ఆమె అత్త నూకాలమ్మ గారు గదిలోకి వచ్చారు. అరవై దాటిన మనిషి, బక్కపలచన. కోడలి నుదురు నిమిరి నా వైపు తిరిగారు.

"పత్తెం ఏటి తల్లీ?"

గౌరి నా వైపు చూసింది. ఆ చూపుకి నేను తడబడ్డాను. నోరు విప్పితే ఏ ప్రశ్న ఎటు పోతుందోనని, "మామూలేనమ్మా, గౌరికి అన్నీ చెప్పాం," అని తప్పించుకున్నాను. ముప్పై మాటలు చెప్పాల్సిన చోట మూడు మాటలతో సరిపెట్టాను. ఆవిడ "సరే తల్లీ, నాను సూసుకుంతాను కదా" అని కోడల్ని చంటిపిల్లలా పొదివి పట్టుకుని తీసుకెళ్ళారు.

మూడో రోజు ఫోన్ చేశాను. "నడుస్తున్నావా?" అంటే "ఆ, నడుత్తన్నానండి" అంది. గొంతు చిన్నగా ఉంది, నీరసమనుకున్నాను. పక్కన అత్త ఉందని నాకు తట్టలేదు.

ఆరో రోజు ఉదయం పదకొండింటికి మళ్ళీ చేస్తే ఫోన్ నూకాలమ్మ గారు ఎత్తారు. గౌరి పడుకుందట. ఎలా ఉందని అడిగాను.

"నాను ఉండగా దానికేటి లోటు తల్లీ? మంచం దిగనీలేదు. బాత్రూముకి కూడా నానే పట్టుకెల్తన్నాను. ఎల్లుల్లి కారం, ఎండు సేప ముక్క, ఏడన్నం పెడతన్నాను. నీళ్ళు మటుకు నోరు తడుపుకోడానికే. కడుపు కోసినోల్లకి నీళ్ళెక్కువైతే సీము పడద్ది కదా! ఆ తొడుగు వదులుగున్నాదని పాత సీర మడతెట్టి గట్టిగా కట్టేను."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. కడుపు కోశారని ఆవిడకి చెప్పారు. పెద్ద కష్టం వచ్చిన కడుపుకి తనకి తెలిసిన వైద్యం బాలింత పథ్యమే. ఇద్దరు ముగ్గురు కోడళ్ళకి, కూతుళ్ళకి పురుళ్ళు పోసిన చేతులవి. ఒక్కటి కూడా నిర్లక్ష్యంతో చేసింది కాదు. కానీ కదలకుండా పడుకోబెట్టి, నీళ్ళు కట్టేసి, నడుం బిగించి కడితే కాళ్ళలో రక్తం నిలబడిపోతుంది, గడ్డకడుతుంది.

"అమ్మా, గౌరికి కాళ్ళెలా ఉన్నాయి?"

"ఎడమ పిక్క నిన్నటేల నుంచీ పట్టేసినాది. ఉబ్బింది కూడాను. ఇదిగో, ఆముదం ఏడిసేసి రుద్దుతన్నాను. నీతో మాటాడతన్నా ఓ సెయ్యి దాని కాలు మీదే ఉంది."

కోపమొచ్చినా భయమేసినా నా నోట మా ఊరు భీమిలి మాటే వస్తుంది. "సెయ్యి తియ్యి! అమ్మా, సెయ్యి తీసీ! రుద్దకు!" అని అరిచాను. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

దాన్ని డీవీటీ అంటాం. కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం. రుద్దితే ఆ గడ్డ ఊడి రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడొచ్చు. అలా పడితే మనిషి కళ్ళముందే పోవచ్చు. వార్డులో ఒకసారి చూశాను నేను. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఫోను గౌరి చెవి దగ్గర పెట్టండి." పెట్టారు. "గౌరీ, ఊపిరి ఎలా ఉంది?"

"పొద్దుట్నించీ... మాటాడితే... ఆయాసం..."

డాక్టరు గారికి సైగ చేశాను. ఆయన గాజువాక దగ్గరున్న ఒక పెద్ద ఆసుపత్రికి రెండో ఫోన్‌లో మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పలరాజు క్రేన్ మీద డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ కింద లాకర్‌లో. ఇంట్లో ఉన్నది ఆ ముసలావిడ ఒక్కతే.

"అమ్మా, ఆ చీర విప్పెయ్యండి. తొడుగు ఉండనివ్వండి. కాలు కదపకండి. పక్కవాళ్ళని పిలిచి, పడుకోబెట్టినట్టే ఆటోలో ఎక్కించండి. మీ దగ్గరి పెద్దాసుపత్రి రెండు సందుల అవతలే, అంబులెన్సు కోసం చూస్తే ఆలస్యం. గౌరిని నడిపించొద్దు."

"అప్పుడు నడవాలని ఇది గొణిగితే నానే ఒగ్గలేదు. ఇప్పుడు నువ్వు కూడా నడిపించొద్దంతన్నావు. మరి నాను సేసింది రైటా, తప్పా తల్లీ?"

"తర్వాత చెప్తానమ్మా. ఫోను పెట్టకండి. బేగి ఆటో పిలవండి."

పన్నెండు నిమిషాలు ఆ ఫోన్ నా చెవికి అతుక్కునే ఉంది. ఆటో చప్పుడు, హారన్లు, "అమ్మా నూకాలమ్మా, నా పేరెట్టుకున్న తల్లీ, దీన్ని సూడు" అని అమ్మవారికి ఆవిడ మొక్కు, మధ్యమధ్యలో గౌరి ఊపిరి. ఆ ఊపిరి వినిపించినంతసేపూ బతికి ఉందని లెక్క. ఒకచోట ఆగిపోయినట్టనిపించి, "గౌరీ!" అని పిలిస్తే "ఉన్నా... నండి" అంది. మొక్కిన దేవుళ్ళూ మొక్కని దేవుళ్ళూ అందరూ ఆ నిమిషంలో నాకు గుర్తొచ్చారు.

క్యాజువాలిటీలో దించారని విన్నాక స్కూటరెక్కాను. నేను చేరేసరికి డాప్లర్ స్కాన్ అయిపోయింది. రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే పరీక్ష అది. మోకాలి వెనక గడ్డ ఉంది. చిన్న ముక్కొకటి అప్పటికే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. గడ్డ పెరగకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఇంకొక పూట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని అక్కడి డాక్టరు అన్నారు.

"ఏం సర్జరీ అయింది?" అని అడిగారాయన, నూకాలమ్మ గారి ముందే.

దాచే సమయం కాదు. "లైపోసక్షన్," అన్నాను. ఆవిడకి ఆ మాట అర్థం కాలేదు. "అంటే ఏటి తల్లీ? గడ్డ కాదా?" అని నన్నడిగారు. నేను గౌరి వైపు చూశాను. ఆ జవాబు నాది కాదు.

గౌరి ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపింది. "గడ్డ లేదత్తా. పొట్ట తగ్గాలని... కొవ్వు తీయించుకున్నాను."

నూకాలమ్మ గారు మంచం అంచున కూర్చుండిపోయారు. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని నేను సిద్ధపడ్డాను.

"కడుపు కొయ్యలేదా?"

"లేదత్తా."

"మరి నాతో సెప్పలేదేటే?"

"నవ్వుతావని."

"నవ్వుదును," అన్నారావిడ, కళ్ళు తుడుచుకుంటూ. "ఎందుకు నవ్వనూ? నవ్వుదును. నవ్వి, నడిపిద్దును కదే!"

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. రోగి ముందు ఏడవకూడదని నర్సింగ్ స్కూల్లో నేర్పుతారు. ఆ రోజు ఆ పాఠం పనికిరాలేదు. ఫోన్‌లో ఆవిడ అడిగిన ప్రశ్నకి నిజమైన జవాబు నా దగ్గరే ఉంది. ఆవిడ చేసింది తప్పు కాదు, "పత్తెం ఏటి తల్లీ" అన్నప్పుడు నేను చెప్పనిది తప్పు. గౌరి రహస్యం చెప్పకుండానే నడకా, నీళ్ళూ, పిక్క నొప్పీ చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ మాట అక్కడే ఆవిడతో అన్నాను. "పోనీ తల్లీ, మనిసి దక్కింది," అన్నారు.

గౌరి ఎనిమిది రోజులకి ఇంటికి వెళ్ళింది. నెలల తరబడి రక్తం పల్చబడే మందులు వాడింది. కదిలితే మళ్ళీ ఏమవుతుందోనన్న భయంతో షాపులో కూర్చునే ఉండి, మూడో నెల రివ్యూకి వచ్చేసరికి పొట్ట చదునుగానే ఉంది గానీ బ్లౌజు చేతులు బిగుసుకున్నాయి. "మీ డాక్టరు సెప్పినట్టే సేతుల్లోకి వచ్చిందండి," అని తనే ఒప్పుకుంది. పించ్ టెస్ట్ చెయ్యక్కర్లేకుండానే.

అప్పటి నుంచి అత్తాకోడళ్ళు పొద్దున్నే నడుస్తున్నారు. రెండోపూట అన్నం తగ్గించారు. ఏడాది తర్వాత చూస్తే చేతులు దిగాయి, పొట్ట అలాగే నిలిచింది, కాస్త ఎక్కువగా ఉంటూ వచ్చిన బీపీ కూడా దారికొచ్చింది. ఇంతకుముందు రెండుసార్లు తగ్గి మళ్ళీ వచ్చేసింది కదా, ఈసారి ఎందుకు నిలిచిందని అడిగాను. "అప్పుడు ఒక్కదాన్నే కదండీ. మానెత్తే అడిగినోళ్ళు లేరు. ఇప్పుడు ఆవిడ సెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతాది," అంది. ఆపరేషన్ గీసిన గీతని నిలబెట్టింది ఆ గుమ్మమే. గొట్టంతో తీసిన కొవ్వు రాకపోవచ్చు. మిగిలిన మనిషిని మాత్రం రోజూ చూసుకోవాల్సిందే.

మా క్లినిక్‌లో ఇప్పుడొక నియమం ఉంది. డాక్టరు గారిని ఒప్పించి నేనే పెట్టించాను. ఎంత చదువుకున్నవాళ్ళొచ్చినా, ఆపరేషన్ తేదీ రాయకముందు ఒక మాట అడుగుతాను: "ఇంటికెళ్ళాక నీకు అన్నం ఎవరు పెడతారు?" ఆ మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చునేదాకా ఫైలు తెరవను.