చివరి బెంచీలో సర్వీస్ మేడం

మనుషులకు సగం ముఖమే ఉన్న రోజులవి. ముక్కు నుంచి గడ్డం దాకా గుడ్డ కట్టేస్తే, పైన మిగిలిన రెండు కళ్ళతోనే నవ్వడం, కోప్పడటం, పలకరించడం అన్నీ కానివ్వాల్సి వచ్చేది. బస్సులో ఎవరైనా దగ్గితే బస్సంతా అటు తిరిగేది. ఆ రోజుల్లో అందరికీ ఉన్న భయం నాకూ ఉంది. దానికి తోడు నాకు ఒక్కదానికే ఉన్న భయం ఇంకొకటి ఉంది. మొదటిదానికి టీకా వచ్చింది, వేయించుకున్నాను. రెండోదానికి ఎవరూ ఏమీ కనిపెట్టలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కామారెడ్డిలో యూనివర్సిటీ కింద ఉన్న ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పార్ట్ టైం లెక్చరర్‌ని. చెప్పడం అంటే ఎల్లారెడ్డిలో మా ఇంటి దాబా మీద, పప్పు డబ్బాకు ఫోన్ ఆనించి, కాగితం చూసి చదవడం. ఉద్యోగం వచ్చేనాటికే గేట్లు మూతపడ్డాయి. ఇంటర్వ్యూ ఫోన్‌లో, చేరడం ఫోన్‌లో, ఏడాదిన్నర పాఠాలూ ఫోన్‌లోనే. ప్రిన్సిపాల్ సార్ నన్ను చూడలేదు, పిల్లలు చూడలేదు, నేను క్లాసు గది చూడలేదు. సిగ్నల్ అందదని నా వైపు కెమెరా ఎప్పుడూ ఆపే ఉంచేదాన్ని. నా పేరు పక్కన ముఖానికి బదులు గులాబీ పువ్వు ఉండేది. చేరిన మూడు వారాలకే పిల్లలు నన్ను లెక్క చేయడం లేదని అనుమానం వచ్చింది. అప్పుడు గొంతు కాస్త బరువు చేసి, "నా సర్వీసులో ఇట్లాంటి బ్యాచ్‌ని చూడలేదు" అన్నాను. (నా సర్వీసులో అసలు ఏ బ్యాచ్‌నీ చూడలేదు గనుక అది అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను.) ఆ మాట బాగా పనిచేసింది. క్లాసు గప్‌చుప్. ఇక వారానికి నాలుగుసార్లు ఆ సర్వీసును బయటికి తీయడం మొదలుపెట్టాను. గొంతు కూడా రోజురోజుకూ ముదిరిపోయింది.

ఇదంతా గేట్లు మూసి ఉన్నంతకాలం బాగానే నడిచింది. తెరుస్తున్నారని మెసేజ్ వచ్చిన రోజు అన్నం సహించలేదు. దాని వెనకే ప్రిన్సిపాల్ సార్ ఫోన్. "మేడం, మొదటి రోజు నేను మీ క్లాసులో కూర్చుంటాను. ఆన్‌లైన్‌లో పిల్లలకు ఏమొచ్చిందో చూడాలి. పార్ట్ టైం వాళ్ళలో ఎవర్ని కొనసాగించాలో కూడా తేల్చాలి గదా" అన్నారు. నేను బరువు గొంతుతోనే "తప్పకుండా సార్" అని, ఫోన్ పెట్టేసి, దాబా మెట్ల మీద కూలబడ్డాను.

మా అవ్వది (మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) ఇంకో రకం భయం. రెండోసారి రోగం ఊళ్ళ మీద పడ్డప్పుడు మా బాపు పదిహేడు రోజులు వెనక గదిలో పడుకుని లేచాడు. లేచాడు గానీ, పది అడుగులు నడిస్తే గోడ పట్టుకునేవాడు. నేను కామారెడ్డి నుంచి దాన్ని మళ్ళీ మోసుకొస్తానేమోనని అవ్వకు నిద్ర లేదు. ఆ పొద్దున నాకు ఒక మాస్కు మీద ఇంకో మాస్కు కట్టి, పైన ప్లాస్టిక్ అద్దం తొడిగింది.

"బస్సుల కిటికీ పక్కకు కూసో బిడ్డా. ఎవ్వలతోని మాట్లాడకు."

"పాఠం చెప్ప పోతున్న అవ్వా. మాట్లాడకుంటె ఎట్ల?"

"మాట్లాడితె దూరంకెల్లి మాట్లాడు."

లింగంపేట దాటేసరికి ప్లాస్టిక్ అద్దం లోపలంతా ఆవిరి పట్టింది. బయట పొలాలు, గుట్టలు అన్నీ పాలలో ముంచినట్టు కనిపిస్తున్నాయి. పాఠం రాసుకున్న కాగితం తీస్తే అక్షరాలు కూడా అట్లాగే ఉన్నాయి. తాడ్వాయిలో ఎక్కిన పెద్దమనిషి నా వాలకం చూసి, పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు. నాకే రోగం ఉందనుకున్నాడు కాబోలు.

కాలేజీ గేటు దగ్గర పొడుగ్గా లైను. అటెండర్ ఒకాయన ఒక్కొక్కరి నుదుటికి తుపాకీ లాంటిది పెట్టి జ్వరం చూస్తున్నాడు. నా వంతు వచ్చింది.

"ఏ చెల్లె, కాయితమేది?"

"ఏ కాయితం అన్నా?"

"మీ బాపు సంతకం పెట్టిన కాయితం. పిల్లను కాలేజికి తోలుడు మాకిష్టమే అని రాయించుకోని రమ్మన్నరు గదా. గ్రూపుల మెసేజ్ రాలేదా?"

ఆ మెసేజ్ గ్రూపులో పెట్టిందే నేను. "లెక్చరర్‌ని అన్నా" అన్నాను. రెండు మాస్కులూ ఒక ప్లాస్టిక్ అద్దమూ దాటుకుని ఆ మాట బయటికెళ్ళేసరికి అందులో సగమే మిగిలినట్టుంది.

"ఏంది, లేటయిందా? లేటేం గాలె. పో పో. సోమారం తీస్కరా కాయితం."

వెనక లైను తోస్తోంది. గట్టిగా ఇంకోసారి చెప్పాలంటే మాస్కు తీయాలి, తీస్తే అవ్వ గుర్తొస్తోంది. లోపలికి నడిచాను.

గది తలుపు దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. లోపల ముప్పై నలభై మంది ఉన్నారు, నిజమైన మనుషులు. దగ్గుతున్నారు, కదులుతున్నారు, అందరికీ రెండేసి కళ్ళున్నాయి. ముందు ఎత్తుగా అరుగు, దాని మీద ఖాళీ కుర్చీ. అక్కడికి వెళ్ళి నిలబడాలి. నా చేతులు ఏం చేయాలో నాకు తెలియదు. దాబా మీదైతే ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో కాకుల్ని తోలడం. నేను గుమ్మంలో అట్లా నిలబడి ఉండగా చివరి బెంచీ నుంచి ఒక అమ్మాయి చెయ్యి ఊపింది.

"అక్కా, ఇటు రా. ఈడ జాగున్నది."

ఒక్క నిమిషం కూర్చుని, ఊపిరి తీసుకుని లేద్దామనుకున్నాను. వెళ్ళి కూర్చున్నాను. మధ్యలో సుద్దముక్కతో గీసిన ఇంటూ గుర్తు, అటు ఆ పిల్ల, ఇటు నేను. ఆమె పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుని కూర్చుంది.

"నీగ్గూడ భయమైతున్నదా అక్కా?" అంది.

"అయితున్నది" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మొదటి నిజం అది.

"ఫస్ట్ పీరియడ్ ఎవ్వలో ఎర్కేనా? సర్వీస్ మేడం."

తెలియనట్టే అడిగాను, "ఎవరామె?"

"కెమిస్ట్రీ మేడం. ముప్పై ఏండ్ల సర్వీసంట. ఇగ ఈ యాడాదో వచ్చే యాడాదో రిటైరైతదంట. ఎవ్వలు చూడలే, గొంతే ఇన్నం. గొంతు ఇంటేనే ఒంట్ల చలొస్తది." ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నన్నైతె గుర్తు పెట్టుకుంటది. నాది ముప్పై ఏడో నంబరు."

ముప్పై ఏడు. ఆ నంబరు నాకు బాగా తెలుసు. ఎప్పుడు పిలిచినా పలకని నంబరు.

ఆమెది బీర్కూర్. ఇంట్లో ఫోన్ ఒక్కటే. నాట్ల కాలంలో తల్లితో పాటు కూలికి వెళ్తూ, ఫోన్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా పాఠాలు వినేదట. "ఒకపారి మేడం నా నంబర్ పిలిచింది. మోకాళ్ళ మట్టం బురదల ఉన్న. చేతులనిండ బురదనే. కాలువల కడుక్కొని ఫోన్ తీసెటాలకు మేడం అననే అన్నది. 'నీకు చదువెందుకు, మానేసి ఇంట్లో కూర్చో' అని. అందరు ఇన్నరు అక్కా. మా అవ్వ గూడ ఇన్నది, పక్కపొంటి నాటేస్తున్నది గదా."

ఆ రోజు నాకు గుర్తుంది. సిగ్నల్ తెగి తెగి వస్తోంది, కింద బర్రె అరుస్తోంది, చిరాకుగా ఉంది. ఆ మాట అనేసి, ఫోన్ పెట్టేసి, కిందికి దిగి టీ తాగాను.

"ఇయ్యాల మేడం మల్ల గట్లనే అంటె నేను ఇగ రాను. మా బాపుకు చెప్పే వచ్చిన. ఒక్క దినం చూస్తనన్న. లేకుంటె నాట్లకే పోత" అంది ఆ పిల్ల, పుస్తకం అంచును వేలితో గీరుతూ.

అప్పుడే ప్రిన్సిపాల్ సార్ లోపలికొచ్చారు. అందరితో పాటు నేనూ లేచి నిలబడి, అందరితో పాటు కూర్చున్నాను. ఆయన ఖాళీ కుర్చీ వైపు చూశారు, గడియారం చూశారు. "మేడం ఇంకా రాలేదా?"

"రాలేద్సార్" అంది క్లాసంతా సంతోషంగా.

"రిటైరైందేమో సార్" అన్నారెవరో. నవ్వులు. సార్ మొహం ముడుచుకుని జేబులోంచి ఫోన్ తీశారు. నాకే చేస్తున్నారని తెలిసిపోయింది. నా సంచిలో ఫోన్ మోగింది. ముప్పై నలభై తలలు ఒక్కసారిగా చివరి బెంచీ వైపు తిరిగాయి.

లేచి నిలబడ్డాను. మోకాలు బెంచీకి తగిలి పెద్ద చప్పుడైంది.

"ఏంటమ్మా?" అన్నారు సార్.

"నేనే సార్."

"నువ్వేంటి?"

"మేడం... నేనే సార్."

నా పక్కనున్న పిల్ల గోడ దాకా జరిగిపోయింది. ఆమె కళ్ళు ఎంత పెద్దవో అప్పుడే చూశాను. బెంచీల మధ్య నడుస్తూ, ఆవిరి పట్టిన అద్దంలోంచి దారి కనబడక, అరుగు మెట్టుకు తన్నుకుని, పడకుండా కుర్చీ పట్టుకుని ఆగాను. ప్లాస్టిక్ అద్దం తీసి పక్కన పెట్టాను. బరువు గొంతుతో "గుడ్ మార్నింగ్" అందామని నోరు తెరిచాను. వచ్చింది మేకపిల్ల గొంతు.

ఇక మాట మీద నమ్మకం పోయి బోర్డు వైపు తిరిగాను. రాస్తూ ఉంటే కనీసం వాళ్ళ ముఖాలు చూడక్కర్లేదు. మీథేన్ గాలిలో మండితే ఏమవుతుందో రాశాను. నిద్రలో లేపి అడిగినా చెప్పే సమీకరణం అది. రాసి చూస్తే ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియడం లేదు. అక్షరాలు నావే, కెమిస్ట్రీ మాత్రం ఎవరిదో. సార్ ముందు బెంచీలో కూర్చుని తీక్షణంగా బోర్డు చూస్తున్నారు. తుడిచేసి ఇంకోటి మొదలుపెడితే సరిపోతుందనిపించింది, డస్టర్ అందుకున్నాను కూడా. అప్పుడు చివరి బెంచీలో ఒక చెయ్యి సగం లేచి, చటుక్కున కిందికి దిగిపోయింది.

ఆ పిల్లకు తప్పు దొరికింది. పిలిస్తే సార్ ముందు నా ఉద్యోగం పోతుంది. పిలవకపోతే ఆమె సాయంత్రం బస్సెక్కి, సోమవారం మడిలోకి దిగుతుంది. ఇంత లెక్క అప్పుడు వేసుకున్నానని చెప్తే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి నా చేతిలోంచి డస్టర్ జారి కింద పడింది, వంగి తీసుకుంటూ "ముప్పై ఏడు, చెప్పమ్మా" అన్నాను.

ఆమె లేచింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ పుస్తకం అంచు గీరడం మొదలుపెట్టింది.

"తొందరేం లేదమ్మా" అన్నాను. "చేతులు కడుక్కునేంత టైముంది."

క్లాసులో ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకు అయింది. మాస్కు కొంచెం కిందికి జరుపుకుని, "గా ఎడమదిక్కు ఆక్సిజన్ ముంగట రెండు పెట్టాలె మేడం" అంది. ఆగి, "మీరే చెప్పిండ్రు. ఎడమకెన్ని ఉంటె కుడికి గన్నే ఉండాలె అని."

రెండు పెట్టాను. సరిపోయింది. నా వెనక నుంచి సార్ అడిగారు: "మేడం, పిల్లల్ని పరీక్షించడానికి మీరు కావాలనే తప్పు రాశారా?"

ఎంత మంచి అవకాశం! గొంతు దాకా వచ్చింది, "నా సర్వీసులో" అని మొదలుపెట్టడానికి. చివరి బెంచీ నుంచి ఆ కళ్ళు చూస్తున్నాయి.

"లేద్సార్. భయంతో తప్పు రాసిన" అన్నాను. దాబా మీద ఇన్నాళ్ళూ దాచిన ఎల్లారెడ్డి మాట తనంతట తనే బయటపడింది.

సార్ లేచారు. అయిపోయిందనుకున్నాను. ఆయన బోర్డు దగ్గరికొచ్చి మెల్లగా, నాకొక్కదానికే వినబడేట్టు, "నాది హిస్టరీ. మీరు తప్పు రాసిండ్రని నాకేం తెలుసు" అన్నారు. "ఆన్‌లైన్‌ల ఎవ్వలు ఇనలేదనుకున్న. ఇన్నోళ్ళున్నరు. కానియ్యిండ్రి." గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగారు. "పొద్దుగాల నేను గూడ గేటు బయట పది నిమిషాలు కార్లనే కూసున్న. దిగ బుద్ధిగాలె."

పీరియడ్ అయ్యాక వరండాలో ఆ పిల్లను ఆపాను. ఆ రోజు అట్లా అనకుండా ఉండాల్సిందని చెప్పాను. ఇంకా బాగా చెప్పాలనుకున్నాను గానీ, మాటలు అంతకంటే ఎక్కువ రాలేదు.

"మీరని తెలిస్తె నేను గదంత చెప్పకపోదును మేడం" అంది ఆమె, నేల చూపులు చూస్తూ. తర్వాత నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "గొంతొక్కటే పెద్దగ ఉండె. మీరు గింతే ఉన్నరు."

"రేపొస్తావా?"

"రేపు రాను మేడం."

నా ముఖం ఏమైందో గానీ, ఆమె కంగారుగా, "రేపు ఆయితారం మేడం" అంది. కాలేజీ తెరవడానికి ఎవరు పెట్టారో ఆ ముహూర్తం, శనివారం పెట్టారు.

ఆమె సోమవారం వచ్చింది. ఆ తర్వాత కూడా వచ్చింది. నా ఉద్యోగం కూడా ఉంది, ఆ ఏడాదికి.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి అవ్వ గడప బయటే వేపాకు వేసి కాచిన నీళ్ళ బకెట్‌తో కాపలా కాస్తోంది. నన్ను ఆరడుగుల దూరంలో నిలబెట్టి, "ఎట్లయింది బిడ్డా?" అంది.

"పిల్లలు మస్తు భయపడ్డరే అవ్వా."

"ఎవ్వల్ని చూసి? నిన్నా?" అని అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల మంచం మీద నుంచి బాపు నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. అవ్వా నేనూ అట్లాగే ఆగిపోయి చెవులు రిక్కించాం. దగ్గు ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మళ్ళీ నవ్వాడు. రోగం వచ్చి పోయాక ఆయన అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

ఆ పిల్లను, అంటే అప్పటి నన్ను, ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తుంది. వేపాకు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంటూ, జీవితంలో పెద్ద గండమేదో గడిచిపోయిందని సంబరపడుతోంది. టైం టేబుల్ ఇంకా చేతికి రాలేదు. సోమవారం నుంచి రోజుకు నాలుగు క్లాసులని దానికి తెలియదు, పాపం.