సార్ నోట్సు మీద నా పేరు

సార్ పోయిన్రని కోహీర్ల బస్సెక్కుతుంటే తెలిసింది. చెప్పింది కండక్టరు, ఆయన గూడ సార్ దగ్గర చదివినోడే.

డెబ్బైలల్ల మా జహీరాబాద్ డిగ్రీ కాలేజీల సార్ అర్థశాస్త్రం చెప్పేటోళ్లు. తెలుగుల పుస్తకాలు దొరకని రోజులు. లైబ్రరీల ఉన్నది ఒక్కటే పుస్తకం. పరీక్షల ముందల మేమంత పోయి, మొత్తం సైక్లోస్టైల్ మిషన్ మీద కాపీలు తీయిద్దం సార్ అని బతిమాలినం.

"పాఠానికి కావాల్సిన నాలుగు పేజీలు తీస్కోన్రి. చదువు కోసమంటే అంతవరకు చట్టం గూడ ఒప్పుకుంటది. మొత్తం తీస్తే రాసినాయన పొట్ట గొట్టినట్టే. కాపీరైటనేది ఊకెనే పెట్టలే" అన్నరు.

ఆ నాలుగు పేజీల మీద గూడ రాసినాయన పేరు ఉండాల్సిందే. ఒకపారి నేను మర్చిపోతే, అరవై కాయితాల మీద నాతోనే చేత్తో రాయించిన్రు. లోపల లోపల మస్తు తిట్టుకున్న. మిగిలిన పాఠాలకు సార్ సొంతంగ నోట్సు రాసి చెప్పేటోళ్లు. అదంత పొల్లుపోకుంట నా దగ్గర ఉండె.

ఇగ అసలు ముచ్చట. ఇది అచ్చుల పడాలనే మీ పత్రికకు రాస్తున్న. నేను లెక్చరర్ అయినంక, హైదరాబాద్‌ల గైడ్లు అచ్చేసే ఒకాయన అడిగితే సార్ నోట్సే ఇచ్చిన. అట్ట మీద నా పేరేసుకున్న. ఎవరికి తెలుస్తదిలే అనుకున్న.

నెల తిరగకముందే సార్ ఆ గైడు పట్టుకొని మా స్టాఫ్‌రూంకొచ్చిన్రు. నేను లేచి కుర్చీ ఇచ్చిన. సార్ కూసొని ఒక పేజీ తీసిన్రు.

"బిడ్డా, ఈ లెక్క తప్పు. అప్పట్ల నేనే తప్పు చెప్పిన. పిల్లలకు మార్కులు పోతయ్, జల్ది దిద్దు."

చాయ్ తాగి పోయిన్రు.

లెక్క దిద్దిన. గైడు మళ్ల అచ్చేసినప్పుడు సార్ పేరు పెడదామనుకున్న, ఇజ్జత్ పోతదని పెట్టలే. ఒక్కపారి కాళ్ల మీద పడితే అయిపోతుండె. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంటనే ఏండ్లు గడిచినయ్.

పదకొండో దినం సార్ ఇంటికి పోయిన. సార్ భార్య నన్ను గుర్తుపట్టి లోపలికెళ్లి ఆ గైడు తెచ్చింది.

"ఎవ్వరొచ్చినా మీ సార్ దీన్ని చూపెట్టేటోళ్లు. మా పిల్ల పుస్తకమని."

ఏడుపాగలే. "ఇది సార్ రాసిందే అమ్మా" అన్న.

"తెలుసు బిడ్డా" అన్నది.

కొంగుతోని అట్ట మీది దుమ్ము తుడుస్తున్నది. ఆ చెయ్యి నా పేరు మీదంగనే మెల్లగ పోతున్నది, వస్తున్నది.