మోకుతో ఎక్కిన చెట్టు

"బెల్టు తేనా, మోకు తేనా?" అని అడిగాను.

"మోకే తే. బెల్టు జారుద్ది," అన్నాడు.

మా ఆయనకీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆయన ఖర్జూరం చెట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు. నేను సామాన్ల బస్తా దగ్గర ఉన్నాను. మోకు తీసుకెళ్లి చేతికిచ్చాను. గంట తిరగకుండా పోయాడు.

ఆయన తాగి చెట్టెక్కాడని అందరూ అన్నారు. తాగలేదు. అది చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను. నాకు అంకెలూ బస్సు నంబర్లూ తప్ప చదువు రాదు. మా అన్నయ్య కూతురు పరీక్షల కోచింగ్ కోసం ఢిల్లీ వచ్చి గది తీసుకుని ఉంటోంది. ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. రాసేది ఆ పిల్లే.

గోదావరి దగ్గర మా ఊళ్లో ఆయన కల్లు గీసేవాడు. తాటి చెట్టయినా ఈత చెట్టయినా మోకు నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టుకుని, వెనక్కి వాలి, కాళ్లతో తన్నుకుంటూ ఎక్కేవాడు. తాటి నారతో పేనిన లావుపాటి తాడది, వాళ్ల నాన్న చేసిచ్చింది. ఢిల్లీలో చెట్లెక్కేవాళ్లు కావాలని ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, మా ఊరికి మనుషుల్ని పంపితే ఇద్దరం వచ్చేశాం. ఫరీదాబాద్ రోడ్డు మీద అతని నర్సరీ వెనక రేకుల గదిలో ఉన్నాం. నేను ఇప్పటికీ అక్కడే కుండీల్లో మట్టి నింపుతున్నాను.

అవి సాకేత్ వైపు మాల్స్ లేస్తున్న రోజులు. వాటి ముందర పెద్ద ఖర్జూరం చెట్లు కావాలి. పెంచుకునే ఓపిక ఎవరికీ లేదు, పెరిగిన చెట్టే కావాలి. పాత ఫ్యాక్టరీల ఆవరణల్లో, పడగొట్టే బంగళాల్లో ఉన్న చెట్లను పెళ్లగించి తీసుకెళ్లి అక్కడ పాతాలి. బాగున్నదాన్ని కదిలించడం, పురుగు పట్టినదాన్ని కొట్టేయడం, ఇదే పని.

కదిలించే చెట్టుకి ముందు ఎండ తగిలే వైపు గేరు అనే ఎర్రమట్టితో బొట్టు పెట్టేదాన్ని. కొత్త చోట కూడా ఆ బొట్టు ఎండకే తిరిగి ఉండాలి. తర్వాత ఆయన పైకెక్కి, ఆకులన్నీ పైకి దువ్వి తాడుతో జుట్టు ముడేసినట్టు కట్టేవాడు. మధ్యలో లేత మొవ్వు ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే చెట్టు ఇంకో కొమ్మ వెయ్యదు, చచ్చిపోతుంది. కానీ నాలుగు నెలల దాకా పచ్చగానే కనిపిస్తుంది. కింద చుట్టూ గొయ్యి తీసి, వేళ్ల ముద్దకి తడి గోనెలు చుట్టేదాన్ని. క్రేన్ పట్టీ మానును కోయకుండా పాత టైరు ముక్కలు అడ్డం పెట్టేవాళ్లం.

క్రేన్ నడిపేవాడికి ఇదంతా వేళాకోళం.

"క్యా భయ్యా, చెట్టుకి జడ వేస్తున్నావ్? పెళ్లికి పంపుతున్నావా?" అనేవాడు.

"అత్తారింటికే పంపుతున్నా. నువ్వు పల్లకీ కుదుపులేకుండా మొయ్యి చాలు," అనేవాడు మా ఆయన.

పాతిన రెండు నెలలకి మళ్లీ వెళ్లి, ఎక్కి, మొవ్వును రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం లాగేవాడు. ఊడి చేతికొస్తే చెట్టు పోయినట్టు. రాకపోతే కిందకి చూసి తలూపేవాడు. నేను కింద నిలబడి ఆ తలూపు కోసం చూసేదాన్ని.

తాగేవాడా అంటే తాగేవాడు. ఆదివారం పని అయ్యాక తాగేవాడు, తాగి పడుకునేవాడు. చెట్టెక్కే రోజున మాత్రం దిగేదాకా చుక్క ముట్టుకునేవాడు కాదు. టీ కూడా దిగాకే. కల్లు గీసే రోజుల నుంచీ అంతే. గీసేవాళ్లు కుండ దించాక తాగుతారు గానీ ఎక్కేముందు తాగరు. ఈ సంగతి ఇక్కడివాళ్లకి తెలియదు. కల్లు గీసేవాడంటే కల్లులోనే ఉంటాడనుకుంటారు.

పోయిన రోజుకి ముందు రోజు రెండు పుచ్చు చెట్ల తలలు కోశాడు. ఖర్జూరం కూడా మన ఈత జాతిదే. తల తెగితే నీరు కారుతుంది, ఢిల్లీ ఎండకి ఆ నీరు సాయంత్రానికల్లా పులుస్తుంది. అదంతా ఆయన చొక్కా మీద పడింది. ఉతుకుదామంటే ఆ సాయంత్రం నీళ్ల ట్యాంకరు రాలేదు. పొద్దున్న అదే చొక్కా తొడుక్కున్నాడు.

"కంపు కొడతంది మావా. ఇంకోటి తొడుక్కో," అన్నాను.

"చెట్టుకేవన్నా ముక్కుందా ఏమే," అన్నాడు.

ఇంకో చొక్కా ఉంది. పట్టుపట్టి మార్పించాల్సింది. మార్పించలేదు.

ఆ రోజు కొట్టేయాల్సిన చెట్టు మూతబడిన ఒక ఫ్యాక్టరీ ఆవరణలో ఉంది. పక్కన గోడ ఉంది కాబట్టి చెట్టును మొత్తంగా పడేయకూడదు. పై నుంచి ముక్కలు ముక్కలుగా కోసి తాడుతో దించాలి. ఆయన ఎక్కాక మిషన్ రంపం తాడుకి కట్టి పైకి పంపాం. ఠేకేదారు ఇచ్చిన బెల్టు లోపల ఇనప తీగ ఉంటుంది, రంపం తగిలినా తెగదు. ఆయనకి దాని మీద నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచి ఆయన్ని మోసింది మోకే. కాకపోతే ఊళ్లో మోకుతో ఎక్కినప్పుడు చేతిలో ఉండేది కత్తి. కత్తి చెయ్యి ఆపితే ఆగుతుంది.

తల దించేశాడు. రెండో ముక్క కోస్తుంటే మాను లోపల పురుగు తినేసి గుల్లగా ఉంది. బయటికి తెలియలేదు. గట్టి మాను అనుకుని ఆనించిన రంపం ఒక్కసారిగా దూసుకుని ఇవతలికి వచ్చి మోకుకి తగిలింది. మోకు తెగింది. రెండంతస్తుల ఎత్తు. నేను చూశాను.

ఆసుపత్రిలో పోలీసాయన వంగి చొక్కా వాసన చూశాడు. "శరాబ్," అన్నాడు. ఆ మాట నాకు తెలుసు.

"నహీ భయ్యా. పేడ్ కా పానీ," అన్నాను. చెట్టు నీళ్లని చెప్పాను.

"అదేగా దీదీ అందరూ తాగేది," అని పక్కాయన వైపు చూసి నవ్వాడు.

నాకప్పుడు హిందీ నాలుగు మాటలే వచ్చు. నీరు ఎలా కారుతుందో, ఎలా పులుస్తుందో చెప్పాలంటే ఆ నాలుగూ చాలలేదు.

మర్నాడు ఠేకేదారు ఒక కాగితం తెచ్చాడు. "దీదీ, బాడీ తీసుకున్నట్టు ఇది. ఇక్కడ అంగూఠా. ఠీక్ హై?" అన్నాడు. నేను వేలిముద్ర వేశాను. చదివి చెప్పమని అడగలేదు. అడగాలని తోచలేదు. మనిషిని ఇస్తారంటే ఎక్కడ వెయ్యమన్నా వేసేదాన్ని. ఒక కాపీ నాకిచ్చాడు. రేషన్ కార్డుతో పాటు డబ్బాలో పెట్టాను. ఆరేళ్లు అక్కడే ఉంది.

మొన్న గ్యాస్ కనెక్షన్ కోసం మా మేనకోడలు ఆ డబ్బాలో కాగితాలు వెతికింది. అది చేతికి తగిలితే విప్పి చదివింది.

"ఏంటే, ఏం రాశారు?"

"మావయ్య తాగి చెట్టెక్కాడని అత్తా."

"ఎవరు చెప్పారంట?"

"నువ్వే చెప్పినట్టు ఉంది. నా భర్త పొద్దున్నే మద్యం తాగాడు, నేను వద్దన్నా వినలేదు అని. కింద నీ వేలిముద్ర."

పోలీసాయన అన్నది గాలికి పోయేదే. ఇది నా నోటి మాటగా ఉంది. ఇన్నాళ్లూ నా ఇంట్లో, నా డబ్బాలోనే ఉంది.

అందుకే ఈ రాత. ఎవరికి పంపాలో నాకు తెలియదు, పంపినా ఏమీ కాదని ఈ పిల్ల అంటోంది. సరే. ఆ కాగితం పక్కన ఇది ఉండాలి.

ఇందాక ఈ పిల్ల కలం ఆపి, "అత్తా, బెల్టు సంగతి తీసేద్దామా? తప్పు మావయ్యదే అంటారు," అంది.

వద్దన్నాను. బెల్టు వద్దన్నాడు, అది ఆయన తప్పు. మోకు అందించింది నేను. చొక్కా మార్పించనిది నేను. అవన్నీ జరిగాయి కాబట్టి ఉండాలి. తాగడం జరగలేదు కాబట్టి అది ఉండకూడదు.

కలం కింద పెట్టు తల్లీ. వేలిముద్ర తర్వాత వేస్తాను. ముందు రాసిందంతా నాకు చదివి వినిపించు, మెల్లగా. నేను అనని మాట ఒక్కటి వచ్చినా అక్కడే ఆపుతాను.