జమ్మలమడుగు సంతలో నేనెత్తిన తువ్వాల

ఒక్క ఇంగ్లీషు మాటతో ఎద్దుల సంతను తలకిందులు చేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఆరేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. సగం మంట నా బావమరిది మీద, సగం ఆ పుస్తకం మీద. నా వాటా చివర్లో చెప్తాను.

ప్రొద్దుటూరులో బట్టల అంగడి కొడుక్కి అప్పగించి గోళ్లు గిల్లుకుంటున్న రోజులు. బస్టాండులో ఇంగ్లీషు జాతీయాల పుస్తకం కొన్నాను. గివప్, గెటాన్, పుటాఫ్... మూడు వారాల్లో అయిదు వందల జాతీయాలు మింగేశాను. కాఫీ ఇచ్చినా ఇంగ్లీషే, ఉప్పు తక్కువైనా ఇంగ్లీషే. ఇంటావిడ బదులు చెప్పడం మానేసి గిన్నెలు ఎత్తేయడం మొదలుపెట్టింది.

అప్పుడే బావమరిది ఓబులేసు కాళ్లావేళ్లా పడ్డాడు. సింహాద్రిపురంలో అతని చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండిపోతోంది. ఎద్దుల జత అమ్మితేనే కొత్త బోరు. కొనే ఆసామి సేలం వైపు వాడు, తెలుగు రాదు. నేను లేకుంటే బేరమే లేదు!

మా సంతల్లో ఎద్దుల బేరం నోటితో జరగదు. ఇద్దరూ చేతుల మీద తువ్వాల కప్పుకొని, లోపల వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఆ వేళ్లు కనబడకూడదు. కనబడితే పక్కన అమ్మేవాడు తన ధర తగ్గించి, కొనేవాణ్ణి ఎగరేసుకుపోతాడు.

ఆ రోజు జమ్మలమడుగు సంతలో ఓబులేసూ, సేలం ఆసామీ తువ్వాల కింద చేతులు కలిపి పావుగంటైనా పలకరు, ఉలకరు. ఒకరి నాడి ఒకరు చూసుకుంటున్న వైద్యుల్లా ఉన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంది ఓబులేసూ, నన్ను మాట్లాడనీ!"

"ఉండు బావా, అయిపోతాంది."

"ఆయప్పకు నీ మాట తెలీదు, నీకు ఆయప్ప మాట తెలీదు!"

"వేళ్లకు తెలుసులే. నోరు మూసుకో బావా, నీకు దండం పెడతా."

"చెయ్యి తువ్వాల కిందుంటే దండం యాడ పెడతావురా?"

నేను నోరు మూసుకోవాలా? దాపరికం మాని అంతా బయటపెట్టండి అనడానికి దొరలు వాడే మాట గుర్తొచ్చింది. "పుట్ యువర్ కార్డ్స్ ఆన్ ది టేబుల్!" అని అరిచాను. ఇద్దరూ కదల్లేదు. అర్థమయ్యేలా చెప్పాలి కదా? తువ్వాల పట్టి పైకి లేపేశాను.

లక్ష మంది ఆ వేళ్లు చూశారు. సరే, ఇరవై మంది. పక్క జత యజమాని వచ్చి, ఆసామి చెయ్యి లాక్కొని, తన తువ్వాల కప్పాడు. ఒక్క వేలు తగ్గించి ఉంటాడు. రెండు నిమిషాల్లో అతని ఎద్దులు లారీ ఎక్కాయి.

ఓబులేసు కళ్లు చింతనిప్పులయ్యాయి. "అక్కడ చెట్లు సచ్చిపోతాండాయి బావా! శానా సంతోషమా నీకు?"

"దీన్ని ఇంగ్లీషులో ఏమంటారంటే..."

"ఇంకొక్క మాటంటే కాడి నీ మెడ మీద పెడతా!"

ఇక నా వాటా. నాకు వచ్చిన జాతీయాలు పదకొండు. ఓబులేసు నన్ను పిలవనే లేదు, నేనే బస్సెక్కి పోయాను. ఆసామికి ఇంగ్లీషు వచ్చా అని ఎవర్నీ అడగలేదు కూడా. రాదట.

మరుసటి సంతలో ఓబులేసు ఎద్దులు రెండు వేళ్లు తక్కువకు పోయాయి. బోరులో నీళ్లు పడ్డాయి గానీ, అప్పటికే ముప్పై చెట్లు ఎండాయి. ఆ రోజూ నేను వెళ్లాను. బేరానికి ఓబులేసు పక్కవాడి తువ్వాల అడుక్కోవాల్సి వచ్చింది. ఓబులేసుది నా నోటికి కట్టి ఉంది మరి.

ఆ ఎద్దుల కొమ్ముల మీద ఒట్టు. ఈ జన్మలో ఇంకొకరి తువ్వాల ఎత్తను. స్నానం చేశాక నాది కూడా ఇంటావిడ అనుమతితోనే తీసుకుంటాను, అదీ తెలుగులో అడిగి.