నలుగురు అంపైర్లు, ఒక్క బేసు

నా మోకాలికి ఈ కట్టేంటని పొద్దున్నుంచి అందరూ అడుగుతూనే ఉన్నారు. మెట్ల మీద జారానని చెప్పాను. జారలేదు. మా చీఫ్ అంపైర్ గారిని గుద్దుకున్నాను. అది కూడా అరకులో, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లో, అన్ని జిల్లాల వాళ్ళూ చూస్తుండగా. కాస్త టీ పోయండి, మొత్తం చెప్తాను.

నేను బేస్‌బాల్ అంపైరింగ్ చేస్తానని మీకు తెలుసు కదా. హుకుంపేట దగ్గర మన ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో పీఈటీగా చేరిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల ఏ మ్యాచ్ జరిగినా నన్నే పిలుస్తారు. నేనేదో గొప్పగా చేస్తానని కాదు, ఇంకెవరూ లేరు కాబట్టి. గ్రౌండులో పరుగు తీసే పిల్ల వరసగా తాకుతూ పోవాల్సిన బేసులు నాలుగు, అంపైర్‌ని నేనొక్కదాన్ని. బాల్ విసిరే పిచ్చర్ వెనక నిలబడి స్ట్రైకులు చెప్పాలి. బాల్ తగిలితే ఫస్ట్ బేసు వైపు పరిగెత్తాలి. పిల్ల అక్కడ ఆగకుండా సెకండ్‌కి, థర్డ్‌కి పోతే నేనూ దాని వెనకాలే పోవాలి. మధ్యలో ఎవరిదో ఆవు వస్తే దాన్నీ తోలాలి. మ్యాచ్ అయ్యేసరికి ఆడిన పిల్లలకన్నా నాకే ఎక్కువ ఆయాసం వచ్చేది.

అయినా నాకు రాష్ట్ర ప్యానెల్‌లోకి వెళ్ళాలని కోరిక. పోయిన ఏడాది సూర్యారావు గారిని అడిగాను. ఆయన విశాఖలో రైల్వేలో చేసి రిటైరయ్యారు. మన వైపు అంపైర్లందరికీ పెద్ద దిక్కు. గొంతు పెంచరు, నవ్వరు. ఆయన మాట్లాడితే తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో ఇంటికెళ్ళాక గానీ మనకి తెలియదు.

"పద్మమ్మా, నీకు రూల్స్ వచ్చు, కళ్ళు మంచివి, కాళ్ళు ఇంకా మంచివి" అన్నారు. "కానీ ఎప్పుడూ ఒంటరిగానే చేశావు. పైకెళ్ళాలంటే నలుగురి క్రూలో చేసిన అనుభవం కావాలి. అది వేరే పని."

వేరే పనేముంది అనుకున్నాను మనసులో. నాలుగు బేసులు ఒక్కదాన్నే చూసినదాన్ని, ఒక్క బేసు చూడలేనా? నాలుగో వంతు పని. గొడుగు పట్టుకుని కూర్చుని కూడా చేసెయ్యొచ్చు.

మొన్న అరకులో పోటీలు పెట్టినప్పుడు సూర్యారావు గారే ఫోన్ చేసి రమ్మన్నారు. సెమీ ఫైనల్‌కి నలుగురం. ఆయన హోం ప్లేటు దగ్గర, అంటే బ్యాటింగ్ చేసే చోట. ఫస్ట్ బేసు దగ్గర లక్ష్మి, పాడేరు పిల్ల, నాకన్నా చిన్నది, ఇలాంటి మ్యాచ్‌లు చాలా చేసింది. సెకండ్ బేసు దగ్గర అప్పలరాజు గారు, ఎస్.కోట మాస్టారు. థర్డ్ బేసు నాది.

మ్యాచ్‌కి ముందు గ్రౌండు పక్కన బండి దగ్గర టీ తాగుతూ సూర్యారావు గారు నాకు పాఠం చెప్పారు. టీ గ్లాసులు నాలుగు బల్ల మీద బేసుల్లాగా పేర్చారు.

"బాల్ నీ వైపు దూరంగా గాల్లోకి లేస్తే నువ్వు బయటికి పరిగెత్తు. పట్టారా లేదా, గీతకి లోపలా బయటా, అది చూసి చెప్పు. చెప్పాక అక్కడే ఉండిపో. నీ బేసు దగ్గరికి నేను వస్తాను. నా చోటికి లక్ష్మి వస్తుంది. ఒకరు కదిలితే మిగతా అందరం కదులుతాం. అర్థమైందా?"

"అయింది సార్" అన్నాను.

అప్పలరాజు గారు నా వైపు అనుమానంగా చూసి, "ఏటమ్మా, అంత బేగి అర్థమయిపోనాదా? నాకు రెండేళ్ళు పట్టింది" అన్నారు.

మ్యాచ్ మొదలైంది. అరకు ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా, వెచ్చగా, నిద్రొచ్చేలా. గ్రౌండు చుట్టూ జనం. సంతకి వచ్చిన ఆడవాళ్ళు కూడా బుట్టలు దించి నిలబడ్డారు. చాలాసేపు నా వైపు ఒక్క బాల్ రాలేదు. ఒక్క పిల్ల రాలేదు. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పరిగెత్తకుండా గ్రౌండులో నిలబడడం నాకు జన్మలో అదే మొదటిసారి.

అంతలో ఒక పిల్ల బాల్‌ని నేల మీదుగా కొట్టి ఫస్ట్ బేసుకి పరిగెత్తింది. బాల్ ముందా పిల్ల ముందా అన్నట్టుంది. నా ప్రమేయం లేకుండానే నా చెయ్యి పైకి లేచింది. గొంతు కూడా లేచింది. "అవుట్" అని అరిచాను, థర్డ్ బేసు దగ్గర్నుంచి.

అక్కడ లక్ష్మి రెండు చేతులూ చాచి "సేఫ్" అంటోంది. పిల్ల ఫస్ట్ బేసు మీద నిలబడి లక్ష్మిని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ లక్ష్మిని చూసింది. సంతకొచ్చిన ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు.

సూర్యారావు గారు మొహం మీది ఇనప జాలీ మాస్కు తీసి, తీరిగ్గా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"కనిపించిందా అమ్మా?"

"అలవాటు సార్."

"మంచిదే. అలాగే బొర్రా గుహల్లో ఏం జరుగుతోందో కూడా చూసి చెప్పు." అంతే, వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ తరవాత రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. నోరు బిగించాను. ఎక్కడ ఏం జరిగినా నాకు సంబంధం లేదు అని లోపల జపం చేసుకుంటూ నిలబడ్డాను. కాసేపు బాగానే జరిగింది. అప్పలరాజు గారు దూరం నుంచి బాగుందన్నట్టు తలూపారు కూడా.

ఆట చివరికొచ్చింది. ఒక్క పరుగు తేడా. విజయనగరం పిల్ల ఒకతి, పొట్టిది, బాల్‌ని గట్టిగా ఎత్తి కొట్టింది. అది నా తల మీదుగా లెఫ్ట్ వైపు గీత వెంబడి పోతోంది. ఇది నాదే. తిరిగి పరిగెత్తాను. బాల్ గీతకి లోపల పడింది, ఎవరూ పట్టలేదు. వేలు చూపించి "ఫెయిర్" అన్నాను. చెప్పినట్టే చేశాను. ఇక అక్కడే ఉండిపోవాలి.

కానీ వెనక్కి తిరిగి చూశాను. పొట్టి పిల్ల సెకండ్ బేసు దాటేసింది. థర్డ్‌కి వస్తోంది. థర్డ్ దగ్గర అంపైర్ లేరు. ఖాళీగా ఉంది నా బేసు. ఆ ఖాళీ చూసి నా కాళ్ళు ఆగలేదండీ. స్టవ్ మీద పాలు పొంగుతుంటే ఎలా పరిగెడతామో అలా పరిగెత్తాను. మెదడు ఏదో చెప్తోంది, వినే తీరిక లేదు.

ఆ బేసు ఎందుకు ఖాళీగా ఉందంటే, సూర్యారావు గారు హోం ప్లేటు నుంచి దాని దగ్గరికి వస్తున్నారు. ఆయన కళ్ళు పిల్ల మీద. నా కళ్ళూ పిల్ల మీదే. ఆయన అటునుంచి, నేను ఇటునుంచి.

ఆయన సన్నగా కనిపిస్తారు గానీ, లోపల చెస్ట్ ప్యాడ్ ఉంటుంది. గోడని గుద్దుకున్నట్టయింది. ఇద్దరం పడ్డాం. ఆయన మాస్కు ఒక వైపు, నా టోపీ ఇంకో వైపు. సరిగ్గా అప్పుడే పొట్టి పిల్ల జారుకుంటూ బేసుని తాకింది, థర్డ్ బేసు ఆడే పిల్ల బాల్ ఉన్న గ్లవ్‌తో ఆ పిల్లని ముట్టుకుంది. ముట్టుకున్నాక బాల్ గ్లవ్‌లో నిలిస్తేనే అవుట్. దుమ్ము లేచింది. నేను నేల మీద పడుకునే ఉన్నాను, మోకాలు మంట పుడుతోంది, ఏమీ కనపడలేదు. అయినా చెయ్యి పైకెత్తి "అవుట్" అన్నాను.

విజయనగరం కోచ్ గ్రౌండులోకి దూసుకొచ్చాడు. "ఎవరు చెప్పారండీ అవుటని? పడుకుని చెప్పారా?" అని. అడిగినదానిలో తప్పేమీ లేదు.

నలుగురం ఒకచోట చేరాం. సూర్యారావు గారు నేల మీదే కూర్చుని ఉన్నారు. లేవడానికి ప్రయత్నిస్తూ, "ఎవరు చూశారు?" అని అడిగారు.

"నేను మీ చోట హోం దగ్గర ఉన్నాను సార్" అంది లక్ష్మి. "నాకు కిందపడ్డ మీరిద్దరే కనిపించారు."

"నువ్వు చూశావా పద్మమ్మా?"

"లేదు సార్."

"మరి అవుటన్నావు."

"చెయ్యి లేచింది సార్."

ఆయన ఒక్క క్షణం నా చేతి వైపు చూశారు, అది వేరే మనిషిదన్నట్టు. అప్పుడు అప్పలరాజు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన సెకండ్ బేసు నుంచి ఆ పిల్ల వెనకాలే చూస్తూ వచ్చారు. "థర్డ్ బేసు గుంట ఈ పిల్లని ముట్టుకున్న మాట నిజమే. కానీ ముట్టుకోగానే గ్లవ్‌లోంచి బాల్ జారిపోనాది. దొర్లుకుంటూ ఇటే వచ్చింది సార్."

"ఎటు?"

"తమరు ఓసారి లేస్తే కనపడతాది."

నేనూ అప్పలరాజు గారూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని లేపాం. బాల్ ఆయన కిందే ఉంది. పొదిగినట్టు. కోచ్ కూడా వంగి చూశాడు. సూర్యారావు గారు ఆ బాల్‌ని చూసి, నన్ను చూసి, రెండు చేతులూ చాచి "సేఫ్" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరి కోసం కొట్టారో నేను అడగలేదు.

ఆ సాయంత్రం బసకి చేరాం. రాష్ట్ర ప్యానెల్ సంగతి మర్చిపోయి, అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు ఎక్కి ఎటైనా పోదామనిపించింది. మోకాలికి లక్ష్మే మందు రాసింది. "మనం చూడనిది చెప్పకపోతే చాలక్కా, చూసినవాళ్ళు చెప్తారు" అంది. అంత చిన్నపిల్ల చేత చెప్పించుకోవడం ఒకటి.

అప్పుడు సూర్యారావు గారు వచ్చారు. నడుం మీద చెయ్యి వేసుకుని వంకరగా నడుస్తున్నారు.

"పద్మమ్మా, రేపు ఫైనల్‌కి నువ్వుంటున్నావు" అన్నారు.

నమ్మలేకపోయాను. "థర్డ్ బేసా సార్?"

"కాదు. రేపు ఆరుగురి క్రూ పెడుతున్నాను. పెద్ద పోటీల్లో అలాగే చేస్తారు. బేసుల దగ్గర నలుగురు, బయట లెఫ్ట్ గీత మీద ఒకరు, రైట్ గీత మీద ఒకరు. నువ్వు లెఫ్ట్."

నాకు ఆనందం ఆగలేదు. నలుగురి క్రూ కోసం వస్తే ఆరుగురి క్రూ. ఆయన వెళ్ళాక లక్ష్మిని పట్టుకుని, "చూశావా, సార్ నాలో ఏదో చూశారు" అన్నాను.

లక్ష్మి కాసేపు మొహమాటపడింది. "అది కాదక్కా. అక్కడ నీకు దగ్గర్లో బేసులేవీ ఉండవు."

మర్నాడు ఫైనల్‌లో లెఫ్ట్ గీత చివర నిలబడ్డాను. నా వెనక కాఫీ తోట. పొద్దున మంచు వల్ల హోం ప్లేటు సరిగా కనిపించలేదు కూడా. బేసుల దగ్గర ఏవేవో జరిగాయి, ఎవరెవరో అరిచారు. నేను కదల్లేదు. రెండు బొటనవేళ్ళూ బెల్టులో దోపి పెట్టుకున్నాను. మ్యాచ్ మొత్తానికి నా దగ్గరికి ఒక్కటే బాల్ వచ్చింది. గీతకి జానెడు బయట పడింది. రెండు చేతులూ ఎత్తి "ఫౌల్" అన్నాను. అని, అక్కడే ఉండిపోయాను. అప్పటికి మంచు విడింది. దూరంగా సూర్యారావు గారు మాస్కు ఎత్తి నా వైపే చూస్తున్నారు, అవసరమైతే పక్కకి తప్పుకోవడానికి సిద్ధంగా.

అయ్యాక ఆయన దగ్గరికి వచ్చి, "నీ గురించి పైవాళ్ళకి చెప్తాను. ఆరుగురిలో చేసిన అనుభవం ఉందని" అన్నారు. "ఏం చేశావని అడిగితే మాత్రం నువ్వే చెప్పుకో."

అలా మొత్తానికి గట్టెక్కాను. అసలు అవమానం నిన్న జరిగింది. మన స్కూల్లోనే సాయంత్రం పిల్లలకి మ్యాచ్ పెట్టాను, ఎప్పట్లాగే అంపైర్‌ని నేనొక్కదాన్నే. ఎనిమిదో తరగతి పిల్ల బాల్ కొట్టి ఫస్ట్ బేసుకి పరిగెత్తింది. దగ్గరి ఆట. పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. నేను బొటనవేళ్ళు బెల్టులో దోపుకుని హాయిగా నిలబడ్డాను.

"మేడమ్, అవుటా, సేఫా? సెప్పండి మేడమ్" అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"కంగారుపడకే" అన్నాను. "చూసినవాళ్ళు చెప్తారు."