ఆర్విడ్ మాటల పెట్టె

మార్లిస్ కిన్నునెన్ పాత కంప్యూటర్ పట్టుకుని మా షాపుకు వచ్చినప్పుడు దాన్ని తీసుకున్నది నేనే. చెరిపేసింది కూడా నేనే. అందుకే ఈ సంగతి చెప్పవలసింది నేనేనని అనుకుంటాను.

అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న మా డులూత్ ఊళ్లో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. ఇరవై రెండేళ్లుగా బడిలో వంటమనిషి. భర్త ఆర్విడ్ రేవులో ఓడలకు ఇనుప ఖనిజం ఎత్తే పని చేసేవాడు. నాలుకకు క్యాన్సర్ వస్తే ప్రాణం దక్కించడానికి నాలుక తీసేశారు. అప్పటికి అతనికి యాభై ఆరు. ఆ తర్వాత ఆసుపత్రివాళ్లు ఒక కంప్యూటర్ ఇప్పించారు. టైపు చేస్తే లోపల బిగించిన సర్క్యూట్ కార్డు ఆ మాటలు పైకి చదివేది. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది.

ఆ పెట్టెకు మా ఊరి మాటలు రావు. మేం ఆవిరిస్నానపు గదిని పిలిచే ‘సౌనా’ను ‘సానా’ అనేది. మా వైపు ఫిన్లాండు మూలాలున్నవాళ్లకు అది చెవిలో ములుకు గుచ్చినట్టుంటుంది. ఆర్విడ్ అక్షరాలు మార్చి మార్చి టైపు చేసి, సరిగ్గా పలికేదాకా వదిలేవాడు కాదు. అలా ఎనిమిదేళ్లలో నాలుగు వేల మాటలు నేర్పాడు. ఊళ్ల పేర్లు, స్నేహితుల పేర్లు, రేవు బూతులు, వాళ్ల అమ్మమ్మ తిట్లు. అవన్నీ ఆ పెట్టె డిస్కులోనే ఒక జాబితాగా ఉన్నాయని మార్లిస్‌కు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా అది నత్తలా నడుస్తోందని, మాట మధ్యలో ఆగిపోతోందని, ఆయన విసుక్కుంటున్నాడని.

రెండు వేల ఒకటి అక్టోబరులో ఆర్విడ్ పరీక్షల కోసం నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి ఆశ్చర్యపరచాలని ఆమె పాతది మా దగ్గర మార్చి కొత్తది తీసుకుంది.

“ఇందులో దాచుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?” అని అడిగాను. అందరినీ అడిగేదే.

“ఏముంటాయి గ్లెన్? ఉత్తరాలన్నీ ప్రింటు తీసేశా. శుభ్రంగా చెరిపెయ్. మా మందుల గోల ఊరంతా చదవడం నాకిష్టం లేదు.”

“కొత్తది కూడా మాట్లాడుతుంది. గొంతు ఇంకా బాగుంటుంది.”

“మంచిదేగా నాయనా! ఆ రేకు డబ్బా మోతతో నా తల దిమ్మెక్కిపోయింది.”

ఆ మధ్యాహ్నమే డిస్కు తుడిచేశాను. అది ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కి పక్కనున్న ఆష్లాండ్ ఊరి పిల్లాడెవరికో అమ్ముడైపోయింది. మాటల కార్డు ఎవరికీ పనికిరాదు కనుక తుక్కు డబ్బాలో వేశాను.

ఆర్విడ్ ఇంటికి వచ్చి కొత్తదాని ముందు కూర్చుని ఒక వాక్యం టైపు చేశాడట. పాతికేళ్ల కుర్రాడి గొంతు, రేడియోలో వాతావరణం చెప్పేవాడిలా, దాన్ని చదివింది. ఆర్విడ్ కాగితం తీసుకుని ‘ఎవడు వీడు?’ అని రాసి ఆమె ముందుకు తోశాడు. తర్వాత పాత పెట్టె ఏదని రాశాడు. ఆమె చెప్పింది. ‘నేను నేర్పిన నాలుగు వేల మాటలూ అందులోనే ఉన్నాయి’ అని రాసి అతను కలం పడేశాడు.

మర్నాడు నేను తాళం తీసేసరికి ఆమె మెట్ల మీద నిలబడి ఉంది. వంటింటి ఏప్రన్ మీదే కోటు వేసుకుంది.

“అది తిరిగి ఇచ్చెయ్ గ్లెన్. కొత్తది నువ్వే ఉంచుకో.”

“లేదండీ.”

“లేదంటే? నిన్నేగా ఇచ్చాను!”

“డిస్కు చెరిపేశాను. ఆష్లాండ్ పిల్లాడికి అమ్మేశాను కూడా. మీరే చెరిపేయమన్నారు…”

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది. ఆమె గల్లా బల్ల వెనక్కి వచ్చి, అరల్లోని పాత పెట్టెలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

కొత్తదాంట్లో పాత కార్డు పట్టే గాడి కూడా ఉండదు. కార్డు దొరికితే పాత సామానుతో ఇంకో పెట్టె కట్టి ఇస్తానని, జాబితా రాకపోయినా గొంతయినా వస్తుందని చెప్పాను. తుక్కు బండి పొద్దున్నే వెళ్లిపోయింది. వంతెన దాటి పక్క ఊరు సుపీరియర్‌లోని తుక్కు యార్డుకు ఇద్దరం నా ట్రక్కులో వెళ్లాం.

యార్డు యజమాని డ్వేన్ చెయ్యి చాచి ఒక గుట్ట చూపించాడు. “వెతుక్కోండి, నాకేం? రేపు పొద్దున లారీ వస్తే మాత్రం ఆపను.”

మంచు కలిసిన వాన. ఆ గుట్టలో వేలకొద్దీ కార్డులు. మార్లిస్ ఒక్కొక్కటీ తీసి నాకు చూపించేది. “ఇదా?” “కాదు.” “ఇది?” “కాదండీ.” టంకం మొనలు గీరుకుని వేళ్లన్నీ రక్తమయ్యాయి. నా గ్లవ్స్ ఇస్తే తోసేసింది. నాలుగు గంటలకు వెలుతురు తగ్గుతుండగా ఆ రకం కార్డు ఒకటి దొరికింది. వాళ్లది కాదు, ఎవరిదో. అయినా దాన్ని కోటు లోపల పెట్టుకుని దారంతా చెయ్యి తియ్యలేదు.

ఆదివారం వాళ్లింట్లో పెట్టె బిగించాను. ఆర్విడ్ కీబోర్డును దగ్గరకు లాక్కున్నాడు. తర్వాత ఒక వేలితో కొట్టాడు. రేకు గొంతు పలికింది.

“ఊపిరితిత్తుల్లోకి పాకిందట. మళ్లీ ఎనిమిదేళ్లు నాకెక్కడివి?”

ఆ మాట మార్లిస్‌కూ అప్పుడే తెలిసింది. పరీక్షల ఫలితం అతను నాలుగు రోజులుగా మోస్తున్నాడు.

ఆమె అతని మోకాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. “తిట్టు ఆర్విడ్. గ్లెన్ ఉన్నా ఫర్వాలేదు, తిట్టు నన్ను.”

అతను అమ్మమ్మ తిట్టు ఒకటి కొట్టాడు. పెట్టె దాన్ని మందు పేరులా పలికింది. అతని భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నేను స్క్రూడ్రైవర్లు సర్దుకుని వచ్చేశాను.

ఆ చలికాలం ఆమె బడి నుంచి రాగానే భోజనాల పట్టిక కాగితాల వెనుక అతని మాటలు రాసేది, జ్ఞాపకం వచ్చిన ప్రతిదీ. అతను ఒక్కొక్కటి నేర్పేవాడు. పలుకు కుదరకపోతే ఆమె తల అడ్డంగా ఊపేది, అతను మళ్లీ కొట్టేవాడు. మార్చి వచ్చేసరికి మూడు వందల పైచిలుకు అయ్యాయి. తర్వాత అతని వేలికి మీట నొక్కే బలం లేకపోయింది. ఏప్రిల్ రెండో వారంలో పోయాడు.

జూన్‌లో ఆమె షాపుకు వచ్చింది. ఏమీ కొనలేదు.

“ఆ పాత డిస్కు ఆష్లాండ్ పిల్లాడికి అమ్మానన్నావు. అందులో ఏ మూలైనా ఏదైనా మిగిలి ఉంటుందా?”

“ఉండదండీ. పూర్తిగా తుడిచాను.”

“సరే,” అని వెళ్లిపోయింది.

ఆ వేసవిలో ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ అదే ప్రశ్న, మొదటిసారి అడుగుతున్నట్టే అడిగింది. నేనూ అదే జవాబు చెప్పాను.